పెట్టెలో పట్టని తుంగ

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దవాళ్ళు. ముప్పై రెండేళ్ళు నేను జీతం తీసుకున్నది సరిగ్గా ఆ రెండు పనులకే. పొద్దున అడుసు తొక్కడం, సాయంత్రం కాళ్ళు కడుక్కోవడం. ఆ రెంటికీ మధ్య, బురదలోంచి పైకి వచ్చే గాలిని సిరంజితో లాగి, చిన్న సీసాల్లో నింపి, మచిలీపట్నంలోని మా ల్యాబుకు తెచ్చి, అందులో మీథేన్ ఎంత ఉందో చూడడం. పెళ్ళిళ్ళలో ఎవరైనా "ఏం చేస్తారండీ మీరు?" అని అడిగితే "బురద గాలి కొలుస్తానండీ" అనేదాన్ని. వాళ్ళు నవ్వేవాళ్ళు. మా అత్తగారు మాత్రం నవ్వేవారు కాదు. "సైంటిస్టునని చెప్పొచ్చు కదా కరుణా, పోయేదేముంది?" అనేవారు.

పోయిన ఏడాది రిటైరయ్యాను. మొన్నీమధ్య అదే ఉద్యోగంలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. కొలత పద్ధతుల పుస్తకం అంతా చదివేశామనీ, పుస్తకంలో లేనిదేమైనా ఉంటే చెప్పమనీ అడిగారు. టీ ఇచ్చి, ఒక గంట మాట్లాడి పంపేశాను. వాళ్ళు గేటు దాటాక తెలిసింది, చెప్పాల్సిన అసలు సంగతి చెప్పలేదని. మరిచిపోయి కాదు. అది నా తప్పు గురించిన సంగతి. కొత్తవాళ్ళ ముందు గొప్పగా కనబడాలన్న యావ ఈ వయసులో కూడా పోలేదు నాకు. నోటితో చెప్పలేకపోయాను కాబట్టి రాస్తున్నాను. ఈ పనిలోకి వచ్చే ఎవరైనా చదువుకోవచ్చు.

బురదలో జరిగేది

ముందు కాస్త పాఠం తప్పదు. తెలిసినవాళ్ళు ఈ మూడు పేరాలు దాటేయండి.

నీళ్ళు నిలిచిన నేలలో గాలి ఆడదు. గాలి ఆడని చోట బతికే సూక్ష్మజీవులు కొన్ని ఉన్నాయి. కుళ్ళిన వేళ్ళూ గడ్డీ తిని అవి మీథేన్ వదులుతాయి. గోబర్ గ్యాస్ ట్యాంకులో జరిగేది అదే, వరిచేలో జరిగేది అదే, చిత్తడిలో జరిగేదీ అదే. ఆ గాలి కొంత బుడగలై లేస్తుంది, కొంత మొక్కల బోలు కాడల గుండా పైకి వస్తుంది. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే చాలా గట్టిది.

వేడి పెరిగితే ఈ జీవులు చురుగ్గా పనిచేస్తాయి. ఎండాకాలంలో ఇడ్లీ పిండి గిన్నె దాటి పొంగడం చూసిన ఎవరికైనా ఇది అర్థమవుతుంది. ఇందులో గొడవేమీ లేదు.

గొడవంతా కార్బన్ డయాక్సైడ్‌తోనే. గాలిలో అది పెరిగితే మొక్కకు తిండి పెరిగినట్టు. వేళ్ళు ఎక్కువ పెడుతుంది. ఆ వేళ్ళ నుంచి ఊరే తీపి రసాలు బురదలోని జీవులకు మేత. మేత పెరిగితే మీథేన్ పెరగాలి. కానీ అదే మొక్క తన కాడ గుండా పైగాలిని కిందికి, వేళ్ళ దాకా పంపుతుంది. ఆ గాలి తగిలిన చోట మీథేన్‌ను తినేసే ఇంకో రకం జీవులు బతుకుతాయి. అంటే మొక్క ఒక చేత్తో పొయ్యిలో పుల్లలు ఎగదోస్తోంది, ఇంకో చేత్తో నీళ్ళు చల్లుతోంది. ఏ చెయ్యి గెలుస్తుందన్నది మొక్కను బట్టి, నేలను బట్టి, నీటిలో ఉప్పును బట్టి ఉంటుంది. రాబోయే రోజుల్లో వేడీ పెరుగుతుంది, కార్బన్ డయాక్సైడూ పెరుగుతుంది. రెండూ కలిసి పెరిగినప్పుడు మన చేలూ మన చిత్తళ్ళూ ఏం చేస్తాయి? మా ఉద్యోగమంతా ఈ ఒక్క ప్రశ్నే.

ప్రసాదరావు గారు సీసాలు ఒంపేసిన రోజు

మా పైఅధికారి ప్రసాదరావు గారు వయసులో నాకంటే ఏడాది చిన్నవారు. డాక్టరేటుతో వచ్చి నా నెత్తిన కూర్చున్నారు. మొదట్లో ఆయనంటే నాకు ఒళ్ళుమంట. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

అప్పట్లో మాకు గుడ్లవల్లేరు దగ్గర వరి మడులు ఉండేవి. మడిలో ఒక చట్రాన్ని ముందే బురదలోకి దించి ఉంచుతాం. కొలిచే రోజు దానిమీద పారదర్శకమైన పెట్టె బోర్లిస్తాం. అరగంటలో నాలుగుసార్లు పెట్టెలోంచి గాలి లాగుతాం. ప్రతిసారీ వేలెడు లోతున బురద ఎంత వేడిగా ఉందో థర్మామీటర్ గుచ్చి రాసుకోవాలి. ఒక వారం ఆ థర్మామీటర్ విరిగింది. నేను పైగాలి వేడి చూసి, అలవాటు కొద్దీ అందులోంచి కొంత తీసేసి, బురద వేడి ఇంత అని రాసేశాను. నాలుగేళ్ళుగా చూస్తున్నదాన్ని, నాకు తెలియదా అనుకున్నాను.

ప్రసాదరావు గారు కాగితం చూసి ఒక్కటే అడిగారు.

"బుధవారం గుడ్లవల్లేరులో మబ్బుంది కదండీ. మబ్బు పట్టినా బురద త్వరగా చల్లబడదు. మీ కాగితంలో గాలితో పాటే చల్లబడింది. మీ బురదకి అంత తొందరేమిటి?"

ఆయన ఆ వారం సీసాలన్నీ తెప్పించి, నా ముందే ఒక్కొక్క మూతా తీసి, గాలికి వదిలేశారు. ఎండలో నడుం వంచి నింపిన సీసాలు అవి. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. బయటికి వెళ్ళి కుళాయి దగ్గర ముఖం కడుక్కుని వచ్చాను. "తెలియకపోతే ఖాళీ వదిలేయండి. ఖాళీని నేను భరించగలను" అన్నారాయన. ఆ మాట నాకు చాలా ఏళ్ళు పనికొచ్చింది. అయినా ఇంకో చోట, ఇంకో రకంగా అదే తప్పు చేశాను.

దివిసీమ

ఉద్యోగం చివరి ఐదేళ్ళలో మమ్మల్ని దివిసీమకు పంపారు. నాగాయలంక దాటాక, ఉప్పునీళ్ళూ మంచినీళ్ళూ కలిసే చోట ఒక చిత్తడి ఉంది. ఊరి పేరు రాయను. మనిషి మెడ దాకా తుంగ. ఆ ఊరి ఆడవాళ్ళు వానలు తగ్గాక మోకాటి లోతు నీళ్ళలో దిగి ఆ తుంగ కోసి, గట్టు మీద ఆరబెట్టి, చాపలు నేస్తారు. ఇరవై ఇళ్ళకు పైగా దాని మీదే బతుకుతాయి.

అక్కడ నాలుగు రకాల మడులు కట్టాం. ఒకటి మామూలుది. ఒకదానికి నేలలో తీగలు వేసి వేడి పెంచాం. ఒకదానికి సిలిండర్లతో కార్బన్ డయాక్సైడ్ వదిలాం. ఒకదానికి రెండూ పెట్టాం. ఆ సిలిండర్లు వ్యానులో రేవు దాకా, అక్కడి నుంచి పడవలో రావాలి. సిలిండర్ జారితే పడవ మునుగుతుందని పడవవాడు ప్రతిసారీ మాకు గుర్తుచేసేవాడు, మేమేదో సరదాకి తెస్తున్నట్టు.

కొత్తగా చేరే అమ్మాయిలకు ఒక మాట, పుస్తకంలో ఉండదు కాబట్టి రాస్తున్నాను. పొలంలో బాత్రూం ఉండదు. చాలామంది నీళ్ళు తాగడం మానేసి తలనొప్పులు తెచ్చుకుంటారు. అలా చేయకండి. మొదటి రోజే ఊళ్ళో ఒక ఇల్లు చూసుకుని, సిగ్గుపడకుండా అడగండి. నేను అడిగిన ఇల్లు నాంచారమ్మది. తుంగ కోసేవాళ్ళకు ఆమే పెద్ద. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. "దానికి అడగాలా మేడంగారూ, వెళ్ళండి" అని చెంబు చేతికిచ్చింది. ఐదేళ్ళు ఆ ఇంటి నీళ్ళు వాడుకున్నాను.

వరి మనుషుల తప్పు

మా పెట్టె వరికి చేసింది. నడుం ఎత్తు ఉంటుంది. తుంగ మెడ ఎత్తు.

నా దగ్గర పనిచేసే ఫీల్డ్ అసిస్టెంట్ ఏసుబాబు, గుడ్లవల్లేరు మనిషి, పెట్టె పట్టుకుని నిలబడిపోయాడు. "ఎట్టా మేడం? పట్టదు గదా."

"నీళ్ళ మీద జానెడు వదిలి కోసేయ్. ముందురోజు సాయంత్రం కోస్తే పొద్దున్నకి సర్దుకుంటుంది" అన్నాను.

ఏసుబాబు కొడవలి తీశాడు. అతనూ వరి మనిషే, నేనూ వరి మనిషినే. మాది మొవ్వ పక్క పల్లె. మా నాన్న కూలికి ఊడ్పులు పట్టేవాడు. కాలవ నీళ్ళు ఆలస్యమై నారు ముదిరితే, కొసలు తుంచి నాటించేవాడు. పురుగు గుడ్లు పోతాయి, నారు ఒరిగిపోదు, వారం తిరక్కుండా చేను పచ్చబడుతుంది. చిన్నప్పుడు ఆ కొసలు తుంచింది నేనే. కొస తుంచితే మొక్కకేమీ కాదన్నది మాకు చదువుకంటే ముందు వచ్చిన జ్ఞానం. తుంగను చూసి వరి అనుకున్నాం. డెల్టావాళ్ళకు నీళ్ళలో నిలబడ్డ ప్రతిదీ వరే.

మొదటి ఏడే నాంచారమ్మ చూసింది. గట్టు మీద మోపు దించి అడిగింది.

"కోసినదాని మీద పెట్టె పెడతారేంటి మేడంగారూ?"

"పెట్టెలో పట్టదక్కా."

"పట్టకపోతే పెట్టెను పెంచుకోవాల గానీ తుంగను తెగ్గొడతారా? కోసిన చోట రెండ్రోజులు బుడగలు లేస్తానే ఉంటాయి. మేం అందులోనే గదా నిలబడేది. ఇదిగో, నిలబడ్డ తుంగ వేరు చూడండి, తుప్పు పట్టినట్టు ఎర్రగా ఉందా? కోసి వదిలేసిన దుబ్బు పీకండి. నల్లగా, కంపు కొడతా ఉంటది."

రెండూ పీకి నా చేతిలో పెట్టింది. ఎర్రగా ఉన్న వేరంటే గాలి అందిన వేరు. ఇనుము తుప్పు పట్టడానికి గాలి కావాలని మీరూ నేనూ హైస్కూల్లోనే చదివాం. కాడ నిలబడి ఉంటే వేరుకు గాలి అందుతోంది, కోస్తే అందడం లేదు. నా చేతిలోనే జవాబు ఉంది. నేనేమన్నానో తెలుసా?

"అన్ని మడుల్లో ఒకేలా కోస్తున్నామక్కా. తేడా అన్నిటికీ సమానమే."

వినడానికి ఎంత శాస్త్రీయంగా ఉందో చూడండి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నట్టు నిలబడ్డాను. తేడా సమానం కాదు. కార్బన్ డయాక్సైడ్ వదిలిన మడిలో తుంగ ఒత్తుగా పెరిగింది. అంటే కింద మేత ఎక్కువ, కోసినప్పుడు తెగే కాడలూ ఎక్కువ. నీళ్ళు చల్లే చేతిని నరికేసి, పుల్లలు ఎగదోసే చేతిని అలాగే ఉంచి, మంట ఎంతుందో కొలిచాం. రెండేళ్ళు కొలిచాం. వేడీ కార్బన్ డయాక్సైడూ కలిస్తే మీథేన్ అన్నిటికంటే ఎక్కువ వస్తుందని తేలింది. గుడ్లవల్లేరు వరిలో కూడా అలాగే వచ్చింది కాబట్టి మాకు అనుమానం రాలేదు. అనుకున్నదే వచ్చినప్పుడు ఎవరూ మళ్ళీ కొలవరు. ప్రసాదరావు గారూ నేనూ సంతకాలు పెట్టి రిపోర్టు పంపాం.

నాంచారమ్మ అడిగిన ప్రశ్న

ఆ చిత్తడి ప్రభుత్వ భూమి. దాన్ని లీజుకు తీసుకుని రొయ్యల చెరువులు తవ్వుకుంటానని ఒక పెద్దమనిషి అర్జీ పెట్టుకున్నాడు. విచారణకు మండలం నుంచి ఆఫీసరు వస్తున్నారు, మీరు కూడా రావాలని మాకు కబురు వచ్చింది. ఏదో మా మడుల సంగతి అడుగుతారేమో అనుకుని వెళ్ళాను.

బడి వరండాలో కుర్చీలు వేశారు. ఒక పక్క చెరువుల వాళ్ళు, ఒక పక్క కింద చాపల మీద ఆడవాళ్ళు. వాళ్ళు నేసిన చాపలే. పెద్దమనిషి తరఫున ఒకాయన లేచి, కాగితం తీసి చదివాడు. మొదటి వాక్యానికే గుర్తుపట్టాను. అది మా రిపోర్టు. రాబోయే రోజుల్లో ఎండా కార్బన్ డయాక్సైడూ పెరిగేకొద్దీ ఈ చిత్తడి వదిలే మీథేన్ బాగా పెరుగుతుంది అని మేం రాసిన వాక్యం.

"మేం చెప్పడం లేదు సార్, సైంటిస్టులే చెప్పారు. ఇది విషం కక్కే నేల. దీన్ని తవ్వి నాలుగు చెరువులు వేస్తే లోకానికే మేలు. మేడంగారు కూడా ఇక్కడే ఉన్నారు" అన్నాడాయన.

అందరూ నావైపు చూశారు. నాంచారమ్మ లేచి నిలబడింది. ఆఫీసరు వైపు తిరగలేదు. నన్నే అడిగింది.

"ఏ తుంగను కొలిచారమ్మా? కోసినదాన్నా, నిలబడ్డదాన్నా?"

కోసినదాన్నే అని చెప్పాల్సింది. "మళ్ళీ ఒకసారి పరిశీలించి చెప్తామండీ" అని ఆఫీసరుకు చెప్పాను. ముప్పై ఏళ్ళ సర్వీసులో అంత పిరికిగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఆఫీసరు మూడు వారాల్లో మళ్ళీ కూర్చుందామన్నారు. ఆరోజు నాంచారమ్మ ఇంటికి వెళ్ళడానికి ముఖం చెల్లలేదు. తిరుగు దారిలో అవనిగడ్డ దాకా జీపులో బిగబట్టుకుని కూర్చున్నాను. చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉన్నా రాస్తున్నాను.

ఎత్తు పెట్టె

ఇంటికొచ్చి ఫీల్డు నోటుబుక్కులు తీశాను. ఏసుబాబు అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. ప్రతి పేజీలో పైనే ఉంది: "కోత, నిన్న సాయంత్రం." రెండేళ్ళు. ఒక్క పేజీ కూడా దాచలేదు. రిపోర్టు రాసిన నేనే ఆ మాటను అనవసరమని వదిలేశాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే కావచ్చు, కానీ మూడు వారాలున్నాయి. పెద్ద పెట్టెకు టెండరు పిలిస్తే ఆర్నెల్లు పడుతుంది. గుడివాడలో కిటికీలకు అల్యూమినియం ఫ్రేములు చేసే షాపుకు వెళ్ళాం. "ఇంత ఎత్తు కిటికీ ఏ ఇంటికండీ?" అని అడిగాడు షాపతను. "తుంగకి బాబూ" అన్నాడు ఏసుబాబు. అతను మమ్మల్ని ఎగాదిగా చూసి, ఫ్రేము చేసిచ్చాడు. దానికి మందపాటి పారదర్శకమైన పాలిథీన్ బిగించి, అంచులకు గమ్ పూసి, నీళ్ళలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూశాం. వచ్చాయి. మళ్ళీ బిగించాం. నాలుగోసారికి ఆగాయి.

ప్రతి మడిలోనూ మేం కొడవలి పెట్టని మూల ఒకటి ఉంది. అక్కడ కొత్త చట్రాలు దించి, బురద కుదురుకోవడానికి వారం ఆగి, కోసిన చోట పాత పెట్టె, నిలబడ్డ చోట కొత్త పెట్టె పెట్టి పక్కపక్కనే కొలిచాం. మా అడుగులకు బురద కదిలి బుడగలు లేవకుండా చెక్కల మీదే నడిచాం. నాలుగుసార్లు కొలిచాం. ల్యాబులో రోజూ మొదటి సీసా నేనే మెషీనుకు ఎక్కించాను.

కోసిన చోట పాత వరసే వచ్చింది. నిలబడ్డ చోట వరస మారిపోయింది. ఒక్క వేడే పెంచిన మడిలో మీథేన్ ఎక్కువే. కానీ వేడితో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా పెంచిన మడిలో అంతకంటే తగ్గింది. ఒత్తుగా పెరిగిన తుంగ వేళ్ళకు గాలి దించుతోంది, అక్కడ మీథేన్ కొంత తినేయబడుతోంది. వరిలో గెలవని చెయ్యి తుంగలో గెలుస్తోంది. నాంచారమ్మ నా చేతిలో పెట్టిన ఎర్ర వేరు చెప్పింది ఇదే.

ఒక్క మాట దిద్దారు

ప్రసాదరావు గారి గదిలోకి వెళ్ళి రెండు కాగితాలూ బల్ల మీద పెట్టాను. ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చూశారు.

"ఆ రిపోర్టులో నా పేరు కూడా ఉంది కరుణ గారూ."

"ఉందండీ. అందుకే ముందు మీకు చెప్తున్నాను."

"వచ్చే ఏడాది రిపోర్టులో సవరణగా పెడదాం. పద్ధతి అదే కదా."

"వచ్చే ఏడాదికి అక్కడ చెరువులుంటాయండీ. సవరించడానికి తుంగ ఉండదు."

"నాలుగు కొలతలు చాలవు. ఇది మీకు నేను చెప్పాలా?"

"చాలవండీ. కొత్తది నిజమని చెప్పడానికి చాలవు. పాతదాన్ని నమ్మొద్దని చెప్పడానికి చాలు. మీరు రాకపోయినా ఫర్వాలేదు. నేను మాత్రం వెళ్తాను."

నా గొంతు పెరిగింది. బయట టైపు చేస్తున్న చప్పుడు ఆగింది. ఆఫీసరుకు ఇవ్వాల్సిన ఉత్తరం నేను ముందే రాసి తెచ్చాను. ఆయన అది తీసుకుని చదివారు. నేను "కొలత విధానంలో స్వల్ప వ్యత్యాసం కారణంగా" అని రాశాను. ఆయన పెన్ను తీసి ఆ ఐదు మాటలూ కొట్టేసి, పైన "మా తప్పు వల్ల" అని రాశారు. కింద సంతకం పెట్టారు. నా చేతికి ఇస్తూ, "సీసాలు ఒంపేసినందుకు ఇన్నాళ్ళకి కక్ష తీర్చుకున్నారు" అన్నారు. ఆయన నవ్వలేదు గానీ, నేను నవ్వాను.

విచారణ రోజు ఆ ఉత్తరాన్ని బడి వరండాలో నేనే నిలబడి చదివాను. రిపోర్టుకు మేం కొలిచింది కోసిన తుంగను, నిలబడ్డదాన్ని కొలవలేదు, ఆ రిపోర్టును ఈ చిత్తడి మీద తీర్పుగా వాడకూడదు, చెరువుల బురద సంగతి మేమసలు కొలవనే లేదు. ఇవే నాలుగు సంగతులు. చెరువుల పెద్దమనిషి తరఫు ఆయన లేచాడు.

"ఇవాళ ఇలా అంటున్నారు. రేపు ఇంకోలా అంటారా మేడం?"

"కొలత మారితే అంటానండీ. కొలవకుండా మాత్రం అనను."

ఆఫీసరు, పూర్తిగా ఒక ఏడాది సరిగ్గా కొలిచి చెప్పమనీ, అందాకా అర్జీ పక్కన పెడుతున్నాననీ అన్నారు. నా రిటైర్మెంటుకు పదమూడు నెలలుంది.

వదిలేసిన తుంగ

కోతల కాలం వచ్చింది. ఒక ఉదయం మేం రేవు దిగేసరికి ఆడవాళ్ళు చిత్తడి అంతా కోసుకుంటూ వస్తున్నారు. మా మడుల దగ్గరికి వచ్చి, పక్కకు తిరిగి, దాటి వెళ్ళిపోయారు. మడుల చుట్టూ నాలుగు వైపులా పెద్ద పట్టీ కోయకుండా వదిలేశారు. ఆ ఏటి చాపల్లో అంత మేర తగ్గిపోతాయి. ఎవరూ వాళ్ళను అడగలేదు.

నాంచారమ్మ మోపు దించి నా దగ్గరికి వచ్చింది. ఆ మొదటి విచారణ నుంచి నేను ఆమె ఇంటికి వెళ్ళనేలేదు.

"నీళ్ళు తాగకుండా పనిచేస్తున్నావంట, ఏసుబాబు చెప్పాడు. మా ఇంటికి దారి మర్చిపోయావా అమ్మాయ్?"

"తప్పు చేశానక్కా. మొదటి ఏడే చెప్పావు, వినలేదు."

"వినలేదు. నాకూ కోపంగానే ఉంది" అంది. తర్వాత కోయకుండా వదిలిన పట్టీ వైపు చెయ్యి చూపించింది. "గాలీ ఎండా మామూలుగా తగలాలంటే పక్కన కూడా నిలబడి ఉండాల. అందుకని వదిలాం. ఇదిగో, ఇప్పుడన్నా సరిగ్గా కొలువు."

ఏడాది పొడుగునా కొలిచాం. వానల్లో పెట్టె పాలిథీన్ రెండుసార్లు చిరిగింది, కొత్తది వేశాం. ఆ చిరిగిన రోజుల కొలతలు ఖాళీ వదిలేశాం. వేసవిలో ఉప్పునీళ్ళు ఎగదన్ని కుళ్ళిన గుడ్డు వాసన వచ్చినప్పుడు మీథేన్ తగ్గింది, వానలకు మంచినీళ్ళు దిగాక పెరిగింది, అవన్నీ రాసుకున్నాం. ఏడాది చివర కూడా వరస అదే వచ్చింది. వేడికి మీథేన్ పెరుగుతుంది. నిలబడ్డ తుంగ ఉన్నచోట, కార్బన్ డయాక్సైడ్ ఆ పెరుగుదలను కొంత ఆపుతుంది.

దీన్ని శుభవార్త అనుకుని ఎగిరి గంతేయకండి. కొంత ఆపడమంటే పూర్తిగా ఆపడం కాదు. ఎండలు ముదిరితే ఈ చిత్తడి కూడా ఇప్పటికంటే ఎక్కువే వదులుతుంది. మన వరిచేలల్లో అయితే రెండూ కలిసి ఇంకా పెంచుతున్నాయి, దాని సంగతి మీరు చూడాలి. ఒకచోట వచ్చిన జవాబును ఇంకో చోటికి మోసుకెళ్ళకండి. మేం మోసుకెళ్ళింది పెట్టెను మాత్రమే కాదు, పొగరును కూడా.

చివరి సభ నేను రిటైరవడానికి రెండు వారాల ముందు జరిగింది. ఈసారి ప్రసాదరావు గారు కూడా వచ్చారు. కొలతలు నేను చదివాను. కోసినవీ నిలబడ్డవీ పక్కపక్కన పెట్టి చదివాను. పాత రిపోర్టు తప్పని మళ్ళీ చెప్పాను. ఆఫీసరు ఏవో రెండు ప్రశ్నలు వేసి, ఇంకెవరైనా మాట్లాడాలా అని అడిగారు. చెరువుల వాళ్ళు కాగితాలు సర్దుకున్నారు.

చాప మీద నుంచి నాంచారమ్మ లేచింది. నడుం పట్టుకుని, నిదానంగా లేచింది. నేను అంతా చదివింది ఆమె విన్నది. అయినా అందరి ముందూ అదే ప్రశ్న, అవే మాటల్లో అడిగింది.

"ఏ తుంగను కొలిచారమ్మా? కోసినదాన్నా, నిలబడ్డదాన్నా?"

"రెంటినీ కొలిచామక్కా. నిలబడ్డదాని లెక్కే ఇచ్చాం."

ఆమె తలూపి కూర్చుంది. ఆఫీసరు గుమాస్తాను పిలిచి, అర్జీ తిరస్కరించినట్టు రాయమన్నారు.